మామగారు వకాల్తా పుచ్చుకున్న అమెరికా ప్లీడరు

చీలమండ బెణికి వారంగా ఇంట్లోనే పడున్నాను. ఎడిన్‌బర్గ్‌లో మాది పాతకాలపు రాతి భవనంలో పై అంతస్తు ఫ్లాటు. లిఫ్టు లేదు, మెలికలు తిరిగిన మెట్లు మాత్రం కావలసినన్ని. కిటికీ దగ్గర కూర్చుని, కింద బస్సు ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ చూసి కుళ్లుకుంటుంటే మా మామగారు గుర్తొచ్చారు. ఇక్కడే ఆయన ఒక చలికాలమంతా కూర్చున్నారు, కాలికి ఏమీ కాకుండానే.

ఆయన తెనాలి కోర్టులో ప్లీడరు. ఒకసారి మునిసిపల్ కౌన్సిలర్‌గా కూడా గెలిచారు, ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీతోపాటు అందేది. అత్తగారు పోయాక మా దగ్గర కొన్నాళ్లుండి వెళ్దామని వచ్చారు. వచ్చిన కొత్తలోనే మెట్ల మీద జారారు. ఆయనకి దెబ్బ తగల్లేదు గానీ మా ఆయన హడలిపోయారు. ఇక నాన్నని ఒంటరిగా పంపేది లేదని, ఇక్కడే ఉంచేయడానికి వీసా సంగతులు చూసే లాయరుతో మాట్లాడటం మొదలుపెట్టారు. తోడు లేకుండా కిందికి దిగొద్దన్నారు. తాళంచెవి ఇవ్వలేదు. "నేను వెళ్లేదెప్పుడురా?" అని అడిగితే "చలి తగ్గనీ నాన్నా, చూద్దాం" అనేవారు. జన్మంతా కోర్టులో వాయిదాలు అడిగిన మనిషికి వాయిదా రుచి కొడుకింట్లో తెలిసింది.

కాలక్షేపానికని, వాడిన వస్తువులు చౌకగా అమ్మే ఛారిటీ షాపులోంచి ఓ పాత పుస్తకం తెచ్చిపెట్టాను. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఉన్న ఒక ప్లీడరు జీవితం. ప్రెసిడెంటూ కాదు, జనరలూ కాదు, చిన్న ఊళ్లో ప్లీడరీ చేసి, ఆ రాష్ట్ర శాసనసభకి వెళ్లినవాడు. ఇలాంటివాడి మీద కూడా పుస్తకం రాస్తారా అనుకున్నాను. మామగారికి మాత్రం మేనమామ కొడుకు దొరికినట్టయింది. రోజూ భోజనాల దగ్గర అతని కథే. గుర్రమెక్కి ఊరూరా కోర్టులకి తిరగడం, పంది కోసం కొట్టుకున్న రెండు కుటుంబాలకి రాజీ చేయడం, సభలో రైలు కంపెనీవాళ్లతో తగువు. "మనవాడు" అనేవారు. సమావేశాలకి రాజధాని వెళ్లి ఒక లాడ్జింగు గదిలో ఉండాల్సొస్తే మనవాడికి ఊపిరాడేది కాదట. చివరికి పెద్ద పదవి ఇస్తామన్నా కాదని ఊరికి వెళ్లిపోయాడనీ, కోర్టు మెట్ల మీద జనం ఎదురొచ్చి పేరు పెట్టి పిలిచారనీ చెప్పేటప్పుడు మామగారు కంచంలో చెయ్యి కదపడం మర్చిపోయేవారు. మా ఆయన పప్పు కలుపుకుంటూ ఊఁ కొట్టేవారు.

ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్లం ఒక చర్చి హాల్లో కలుస్తాం. నాన్నకి హుషారుగా ఉంటుందని మా ఆయనే ఆయన చేత ఆ ప్లీడరు మీద ఉపన్యాసం ఇప్పించారు. పులిహోర కోసం లేచినవాళ్లు కూడా మళ్లీ కూర్చుని విన్నారు. మనవాడు ఊరు చేరాడు, జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు ముందు వరసలోంచి, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి లేచింది. పుస్తకం అదీ చదివేసిందని మాకెవరికీ తెలీదు. "బట్ తాతా, హి నెవర్ వెంట్ హోమ్. హి డైడ్ ఇన్ ద లాడ్జింగ్ హౌస్" అంది.

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తెలుసమ్మా. పుస్తకంలో అట్లాగే ఉంది. పాపం, ఆయన తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. అందుకని నేను వకాల్తా పుచ్చుకున్నా" అన్నారు.

హాల్లో వెనకవైపు ప్లేటు పట్టుకుని నిలబడ్డ మా ఆయన ఇక తినలేదు. ఇంటికొచ్చేటప్పుడు బస్సు దిగాక తండ్రి చెయ్యి పట్టుకుని, "టికెట్టు ఎప్పటికి తీయమంటావు నాన్నా?" అని అడిగారు.

వెళ్లాక తెనాలిలో ఆయన ఎక్కువకాలం లేరు. రోజూ కోర్టుకి వెళ్లి, బార్ రూములో కూర్చుని, టీ తాగి వచ్చేవారట. అట్లా వెళ్లొచ్చిన ఒక సాయంత్రమే పోయారు. ఇక్కడే ఉంచుకుని ఉంటే ఇంకొన్నేళ్లు బతికేవారని మా ఆయన ఇప్పటికీ బాధపడతారు. నిజమే, బతికేవారేమో. కాకపోతే ఆ ఏళ్లన్నీ ఆయనవి కాక మావే అయ్యుండేవి.