బాలమ్మ చెలకలో నా చరిత్ర పరిశోధన

పాలమూరులో విత్తనం పడకుండా ఆపేవి సాధారణంగా రెండే: రాని వాన, వచ్చి వదలని వాన. ఒక జూన్ నెలలో మాత్రం మూడోది వచ్చింది. అది నేనే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. చరిత్రలో ఎమ్మే అయిపోయింది, ఉద్యోగం ఇంకా మొదలు కాలేదు. మిత్రుడు నర్సింలు దగ్గర బైకుంది, నా దగ్గర కుతూహలముంది. పెట్రోలు కూడా వాడిదే. పాత సంస్థానాల ఊళ్ళు చూద్దామని బయలుదేరాం.

గద్వాల కోట దగ్గర నిమ్మసోడా అమ్మే ఆయన్ని "ఈ గోడ పునాది ఎంత లోతుంటది?" అని అడిగాను. "నేనైతే తవ్వలే సారూ" అన్నాడు, ఎందుకైనా మంచిదని. వనపర్తిలో రాజమహలు చుట్టూ మూడుసార్లు తిరిగితే, నాలుగోసారి వాచ్‌మన్ కూడా నాతోపాటు తిరిగాడు.

అక్కడి నుంచి నాగర్‌కర్నూలు పోతుంటే, దారిలో ఒక ఊళ్ళో కోటలాంటి దొరల గడీ కనబడింది. దొరలు పోయారు, పైకప్పు పోయింది. ప్రహరీ గోడ మాత్రం పక్కనున్న మెట్ట చెలకలో పునాది రాళ్ళుగా అక్కడక్కడా తేలి ఉంది. ఈ గడీ ఒకప్పుడు ఎంత నేల మింగిందో తెలియాలి కదా! ఊళ్ళోని కిరాణా కొట్లో ఒక సంచి సున్నం పొడి కొన్నాను.

"ఏంది, చెలకల ముగ్గేస్తవా?" అన్నాడు నర్సింలు.

"పునాది ఎమ్మటి గీత కొడత. పైకెల్లి ఫోటో తీస్తే గడీ నక్ష మొత్తం కనవడ్తది."

"చెలక ఎవలదో ఏమో. జర అడుగుదాంరా."

"చరిత్ర ఎవర్నన్న అడిగి జరుగుతదా?"

ఇంత గొప్ప మాట నేను మళ్ళీ ఎన్నడూ అనలేదు. పొద్దుగూకేలోపు గీతలు కొట్టి, గడీ మెట్లెక్కి ఫోటో తీశాను. నాగర్‌కర్నూలు లాడ్జీలో చూసుకుంటే, ఫోటోలో సగం గీతలు, సగం నా బొటనవేలు. మళ్ళీ తీద్దామని పొద్దున్నే వెనక్కి వచ్చాం.

చెలక గట్టు మీద సగం ఊరుంది. కాడి కట్టిన ఎద్దులు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక పెద్దావిడ ఒళ్ళో పత్తి గింజలు పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఆమె పేరు బాలమ్మ, చెలక ఆమెదే.

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాను.

"ఏమైతది బిడ్డా! కాల్వకు గీతలు కొట్టిపోయిన్రు. నా రెండెకరాలు గీత లోపట్నే ఉన్నయ్."

మా వైపు తెల్లగీతకు అర్థం చిన్నపిల్లలకూ తెలుసు. ముందు గీత వస్తుంది, తర్వాత జీపు, ఆ తర్వాత కాలువ. ఇది తెలియనివాడు జిల్లా మొత్తంలో ఒక్కడే. వాడు ఎమ్మే.

"మా మామ గీ గడీల ఎట్టిచాకిరి చేసిండు. గడీ కూలినంక గీ భూమి చేతికొచ్చింది. ఇప్పుడు మళ్ల గీతలు!" అంది బాలమ్మ.

ఇలాంటి మాటలు వినాలనే నేను గద్వాల నుంచి వస్తున్నాను. వినబడ్డాయి. నోటుబుక్కు తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఎవరో అన్నారు: "సారు చదువుకున్నట్టున్నడు. అర్జీ రాపియ్యుండ్రి."

కాగితం వచ్చింది. పెన్ను నాదే.

"అడగకుంట గీతలు కొట్టినోడు మనిషేనా అని రాయి" అంది బాలమ్మ. రాశాను, కాస్త మెత్తగా. "ఏం రాసినవ్? సదువు."

"ఎవరో గౌరవనీయులు తొందరపడి..."

"వానికి గౌరవమేంది? కొట్టెయ్. గాడిద అని రాయి."

"పెద్దమ్మా," అన్నాడు నర్సింలు ఎంతో భక్తిగా, "గాడిదకు ముందల 'చదువుకున్న' అని పెట్టిద్దాం."

అదీ రాశాను. ఇంతలో బాలమ్మ గింజల్ని తిరిగి సంచిలో పోసి, అరక దగ్గరున్న తమ్ముణ్ణి కేకేసింది: "తమ్మీ, ఎడ్లను ఇడువు. పోయే భూమిల గింజెందుకు?"

ఎండ తెల్లగా కాస్తోంది. ఇంకో పూట ఆగితే నేలలో పదును ఆరిపోతుంది. పెన్ను ఆగిపోయింది.

"ఇడువకుండ్రి! ఆ గాడిద నేనే పెద్దమ్మా."

ఊరు నా వైపు చూసింది. ఎద్దులు కూడా చూశాయి. గడీ, పునాది, ఫోటో అన్నీ చెప్పాను.

"అంటే కాల్వ లేదు?"

"లేదు."

"గడీ ఎంతుండెనో ఎరుక కానీకె గీసినవ్?"

"అవును."

"నన్నడిగితే చెప్పకపోదునా? గా ఏపచెట్టు దాంక ఉండె. నువ్వు కొట్టింది పశువుల దొడ్డి గోడ."

ఎమ్మే పట్టా ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసింది.

శిక్ష వెంటనే పడింది. అరక గీసిన సాళ్ళలో నేనూ నర్సింలూ నడుం వంచి గింజలు పెట్టాం. "నేనేం చేసిన్రా?" అని వాడు ప్రతి సాలు చివరా అడిగాడు. మధ్యాహ్నానికి నా గీతలు మట్టిలో కలిసిపోయాయి.

వెళ్ళేముందు అర్జీ చింపబోతే బాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"చింపకు. మంచిగ రాసినవ్. రేపు నిజంగ గీతలు కొట్టెటోళ్లొస్తే అక్కరకొస్తది."

"మరి గాడిద అన్న మాట?"

"ఉండనీ. మల్ల రాపియ్యాలంటే నిన్ను యాడ దొరకవట్టాలె?"

నిటారుగా నిలబడలేని నా నడుము సాక్షిగా ఆరోజే ప్రమాణం చేశాను: చరిత్రను కళ్ళతోనే చూస్తాను, చేత్తో ముట్టను. సున్నమైతే తాంబూలంలో కూడా ముట్టను.