మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటికి

కంటి ఆసుపత్రిలోని కళ్ళజోళ్ళ వర్క్‌షాపు తలుపు తీయగానే అతను చేసే మొదటి పని దేవుణ్ణి తలుచుకోవడం, రెండో పని అద్దం ఊపడం. భోజనం డబ్బా మేకుకి తగిలించి, చెప్పులు విడిచి, కిటికీ ముందు నిలబడి, "ఈ పూట నా చేతి మీదుగా వెళ్ళే చూపు చల్లగా ఉండేట్టు చూడు తండ్రీ" అనుకునేవాడు. ఆ తరవాత పరీక్ష అద్దాల పెట్టెలోంచి చేతికందిన అద్దం ఒకటి తీసి, దాని మీద అంకె చూడకుండా, కిటికీ చువ్వకి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ కదిపేవాడు. ప్లస్ అద్దమైతే చెయ్యి కుడికి జరిగితే చువ్వ ఎడమకి పోతుంది. మైనస్ అద్దమైతే చువ్వ చేతి వెంటే నడుస్తుంది. ఉత్తి గాజైతే ఎంత ఊపినా చువ్వ చలించదు. ఆ కదలిక చూసి, దానికి వ్యతిరేకపు అద్దాన్ని మీద ఆనించి, చువ్వ నిలబడిపోయిందంటే మొదటి అద్దం నంబరెంతో చెప్పేసేవాడు. ముప్పై ఏళ్ళలో ఈ వరస తప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. తప్పిన ఒకానొక రోజు గురించే ఈ కథ.

అందరూ అతన్ని బొంగరం అనేవాళ్ళు. కూర్చున్న చోట కూర్చోడు, నిలుచున్న చోట నిలవడు. జుట్టు కత్తిరించే అతను ఒకసారి, "నువ్వు తల ఊపుతుంటే నా కత్తెరకి చెమటలు పడుతున్నాయయ్యా, ఒక పక్క చెంప ఈ వారం, రెండో పక్క వచ్చే వారం చేసుకుందాం" అన్నాట్ట. పెళ్ళిచూపుల్లో గది నాలుగు మూలలా తిరిగి వచ్చాడని, పిల్లని చూశాడో గోడలు చూశాడో తెలియలేదని అతని భార్య ఇప్పటికీ అంటుంది. అయితే ఆ కుదురులేని చేతులు అద్దం పడితే మాత్రం కంసాలి చేతులే. అయిదో తరగతితో బడి మానేసి, పద్దెనిమిదో ఏట ఈ కంటి ఆసుపత్రిలో చేరి, అద్దం అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే పని నేర్చుకున్నాడు. ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నది అతని చేతి పనే.

వర్క్‌షాపులో ఒక పాత అలవాటు ఉంది. అద్దాలు అందించే స్టోరక్క నంబరు ఒక్కటే పిలుస్తుంది. "మూడు, టైలరు గారిది. నాలుగు, పెద్ద పంతులు గారిది." ప్లస్సో మైనస్సో నోటితో చెప్పదు. బల్లకి కుడి పక్క అరలో పెడితే ప్లస్, ఎడమ పక్క అరలో పెడితే మైనస్. అరలు గోడకి బిగించి ఉంటాయి, బల్ల వాటి మధ్య ఉంటుంది. ఇన్నేళ్ళూ ఎవరూ పొరబడలేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు. కిటికీలో వెలుతురు లేదు, చువ్వే సరిగ్గా కనబడలేదు, అందుకని అద్దం ఊపలేదు. పైగా కాళ్ళు ఊరుకోక, దీపం కింద నీడ పడుతోందని బల్లని అటునుంచి ఇటు తిప్పేసుకుని, ఎప్పుడూ ఉండే వైపుకి వీపు పెట్టి పని మొదలెట్టాడు. స్టోరక్క ఎప్పటిలాగే అరలో పెట్టి, "ఒకటి, పోస్టమ్మ గారిది" అని పిలిచింది. కాగితం మీద మైనస్ ఒకటి అని ఉంది. మైనస్ అనగానే ఎడమ చెయ్యి చాచాడు. చేతికి కుడీ ఎడమే తెలుసు, బల్ల తిరిగిందని చేతికి ఎవరు చెప్పాలి? ఇప్పుడు ఎడమన ఉన్నది ప్లస్ అర, అందులో మిగిలి ఉన్న ప్లస్ ఒకటి చేతికొచ్చింది. పెద్ద నంబరైతే వేలితో తడిమినా మందం తెలిసిపోయేది. ఒకటి కాబట్టి తెలియలేదు.

అయిదో రోజున పోస్టమ్మ వచ్చింది. ఆ నాలుగు వీధులకీ ఉత్తరాలు పంచే మనిషి, నలభై దాటింది, భుజాన సంచీ బరువుకి ఒక పక్కకి వాలి నడుస్తుంది.

"అన్నయ్యా, తప్పు నాదే కావచ్చు, కొత్త జోడు కదా, కళ్ళకి ఇంకా అలవాటు కాలేదేమో. గేటు దగ్గర నిలబడితే ఇంటి నంబరు కనబడటం లేదు. మెట్లెక్కి తలుపు దాకా పోయి చూసుకుంటున్నాను."

"ఎన్ని ఇళ్ళమ్మా?"

"రోజుకి నూట ఇరవై. ఫరవాలేదు, మోకాళ్ళకి మంచిదంట."

అతను జోడు అందుకుని కిటికీ చువ్వకి పట్టి కదిపాడు. చువ్వ ఎదురు పోయింది. మైనస్ ఒకటి అద్దం తెచ్చి దాని మీద ఆనించాడు. చువ్వ నిలబడిపోయింది.

ఒకటి నంబరు అద్దం వేస్తే చువ్వ నిలబడింది కాబట్టి తప్పు ఒకటే అనుకున్నాడు. ఆ మాటే ఇన్‌చార్జి గారితో చెప్పాడు. ఆయన చిన్నవాడే, మర్యాదస్తుడు.

"తేడా ఎంతండీ?"

"ఒకటి సార్."

"ఒకటి దాకా అయితే మార్చి ఇచ్చేయండి. పుస్తకం దాకా అక్కర్లేదు."

పుస్తకం అంటే తప్పుల పుస్తకం. తేడా ఒకటి దాటితే జోడు పెట్టుకున్న మనిషి తన చేత్తో అందులో రాయాలని ఆసుపత్రి నియమం. అతను ఆ మధ్యాహ్నమే జోడు మార్చి ఇచ్చాడు. పోస్టమ్మ పెట్టుకుని వీధి చివరి బోర్డు గడగడా చదివేసి, "నాలుగు రోజుల్లో ఊరు ఎంత శుభ్రపడిందో" అని నవ్వి వెళ్ళిపోయింది. బల్లని పాత చోటికి తిప్పేసి, ఆ సంగతి అంతటితో తీరిందనుకున్నాడు.

వారం తిరక్కుండా కొత్త మిషన్ వచ్చింది. అద్దం లోపల పెడితే నంబరూ, ప్లస్సో మైనస్సో గుర్తూ తెర మీద చూపిస్తుంది. దాని ముందు కూర్చోవాలంటే ఇరవై లెక్కల పరీక్ష రాయాలి, పన్నెండు రావాలి, ఈ ఏడాది తప్పుల పుస్తకంలో పేరుండకూడదు. ఈ అర్హత లేనివాళ్ళు ప్యాకింగు గదికి. ప్యాకింగు గదికి కిటికీ లేదు. కుర్చీలో కూర్చుని రోజంతా జోళ్ళని డబ్బాల్లో పెట్టి మూత నొక్కడమే పని. ఆ గది తలుచుకుంటేనే బొంగరానికి కాళ్ళు తిమ్మిరెక్కాయి.

దేవుడు ఒక దారి మూస్తే ఇంకోటి తెరుస్తాడంటారు. అతనికి ఆ దారి సొంత వదిన రూపంలో దొరికింది. అన్నగారి భార్య, బళ్ళో ఆరో తరగతికి లెక్కలు చెప్పే పంతులమ్మ. సాయంత్రాలు పుస్తకం పట్టుకుని వచ్చి వసారాలో కూర్చునేది. నెల రోజులు ఒక్క పూట మానలేదు, ఒక్కసారి విసుక్కోలేదు. వెక్కిరించడం మాత్రం మానలేదు.

"మైనస్ ఏడు పెద్దదా, మైనస్ మూడు పెద్దదా చెప్పు మరిదీ."

"మైనస్ ఏడు."

"తప్పు."

"తప్పెలా అవుతుంది వదినా? మైనస్ ఏడు మనిషి జోడు తీస్తే పెళ్ళామెవరో పక్కింటావిడెవరో పోల్చుకోలేడు. మైనస్ మూడు వాడు తడుముకుంటూనైనా ఇల్లు చేరతాడు. ఏడు చిన్నదంటే మా వర్క్‌షాపులో నవ్విపోతారు."

"పెళ్ళాన్ని పోల్చుకోలేని వాడి గొడవ నాకెందుకు? గీత మీద సున్నాకి ఎడమ పక్క ఎంత దూరం పోతే అంత చిన్న. మైనస్ ఏడు మైనస్ మూడుకి ఎడమన ఉంది."

అతను లేచి రెండు చుట్లు తిరిగాడు. ఒప్పుకోబుద్ధి కాలేదు. "సున్నా అంటే మా ఉత్తి గాజే కదా?"

"అనుకో."

"ఆ ఉత్తి గాజుకి ఎంత దూరమో దాన్నే మేం పవరంటాం. ఏడు దూరం పెద్దదే కదా?"

వదిన పుస్తకం మూసింది. "దూరం పెద్దదే. నేనడిగింది దూరం కాదు, ఎవరు ఏ పక్కన ఉన్నారని. గుర్తు తీసేసి సున్నాకి ఎంత దూరమో ఒక్కటే చెబితే దాన్ని పరమ మూల్యం అంటారు. ప్లస్ ఏడుకీ ఏడే, మైనస్ ఏడుకీ ఏడే."

"అయితే మా స్టోరక్క ఇన్నేళ్ళుగా పిలుస్తున్నది పరమ మూల్యమన్నమాట."

"ఆవిడకి చెప్పకు. జీతం పెంచమంటుంది."

కూర్చుంటే అతనికి ఏదీ తలకెక్కదని వదిన మూడో రోజుకే కనిపెట్టింది. "లే. నడుస్తూ నేర్చుకో" అంది. వసారా పొడుగునా గచ్చు పలకలు. నడిమధ్యన వంటింటి గడప ఎదురుగా ఉన్న పలక సున్నా. వీధి వైపు ప్లస్, పెరటి వైపు మైనస్. "మైనస్ ఏడుకి ప్లస్ నాలుగు కలుపు." పెరటి వైపు ఏడు పలకలు వెళ్ళి, వీధి వైపు నాలుగు పలకలు వచ్చి, కాలి కింద చూసుకున్నాడు. గడపకి ఇంకా మూడు పలకలు అవతలే ఉన్నాడు.

"మైనస్ మూడు" అన్నాడు. అని తనే తెల్లబోయాడు. "ఇది నాకు వచ్చు వదినా. మైనస్ ఏడు అద్దానికి ప్లస్ నాలుగు ఆనిస్తే చువ్వ ఇంకా వెంటే నడుస్తుంది. ఇంకో మూడు వేస్తే గానీ ఆగదు. పద్దెనిమిదో ఏటి నుంచీ వచ్చు నాకిది."

"చేతికి వచ్చు. కాగితానికి ఇవాళ వచ్చింది."

భార్య వంటింట్లోంచి తొంగి చూసి, "అక్కా, ఈయన నేర్చుకునేది లెక్కలా, నాట్యమా? పలకలు అరిగిపోతే ఇంటి యజమానికి నేను జవాబు చెప్పుకోలేను" అంది. అన్నదే గానీ, ఆ నెలంతా వసారాలో గిన్నె గాని చెంబు గాని అడ్డం పెట్టలేదు.

పరీక్ష ఆసుపత్రి భోజనాల గదిలో, శనివారం పొద్దున. రాసేవాళ్ళు ఆరుగురు. బొంగరం మోకాళ్ళు ఊగుతుంటే బల్ల ఊగింది. పక్కన కూర్చున్న ఫ్రేముల మరమ్మతు మనిషి, "ఊపకు బాబూ, నా మైనస్‌లన్నీ నిలబడి ప్లస్‌లయిపోతున్నాయి" అని గొణిగాడు. బొంగరం బల్ల కింద కాలి వేళ్ళతో పలకలు నడుస్తూ ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు. పదహారు దాకా బాగానే నడిచాయి.

పదిహేడో లెక్క: ఒక చోట తెల్లవారేసరికి మైనస్ ఒక డిగ్రీ ఉంది. మధ్యాహ్నానికి ప్లస్ ఒక డిగ్రీ అయింది. ఎంత మారింది?

బొటనవేలు మైనస్ ఒకటి మీద పెట్టాడు. ఒకటి జరిపితే గడప, ఇంకొకటి జరిపితే ప్లస్ ఒకటి. రెండు అని రాశాడు. రాసి తరవాతి లెక్కకి పోబోయి ఆగిపోయాడు.

రెండు.

ఆవిడకి కావలసింది మైనస్ ఒకటి. తాను ఇచ్చింది ప్లస్ ఒకటి. కిటికీ దగ్గర మైనస్ ఒకటి ఆనించినప్పుడు చువ్వ నిలబడింది, నిజమే. నిలబడితే వచ్చింది ఉత్తి గాజు, సున్నా. ఆవిడ చూపు అక్కడ లేదు. అక్కణ్ణించి ఇంకో ఒకటి పోతే గానీ ఆవిడ కంటికి చేరదు. తాను సగం దారిలో ఆగి, చేరానని చెప్పాడు. ఇన్‌చార్జి గారికి చెప్పిన ఒకటి అబద్ధమని కాదు, అప్పటికి అతనికి తెలిసిన లెక్క అంతే. ఇప్పుడు తెలిసింది. రెండంటే పుస్తకం.

మిగతా మూడు లెక్కలు ఎలా రాశాడో అతనికి తెలియదు. మధ్యాహ్నానికి ఫలితం చెప్పారు. పదహారు.

"సోమవారం పది గంటలకి మిషన్ దగ్గర మీరే కూర్చుంటున్నారు" అన్నారు ఇన్‌చార్జి గారు. స్టోరక్క అప్పటికే ఆ కొత్త కుర్చీ తుడిచి, గట్టిగా ఉందని ఎవరి ఇంటి నుంచో మెత్త ఒకటి తెచ్చి వేసింది. "ఇందులోనైనా కుదురుగా కూర్చో" అంది. అతను చెబుదామని రెండుసార్లు ఇన్‌చార్జి గారి గుమ్మం దాకా వెళ్ళాడు. రెండుసార్లూ లోపలున్న మనుషుల్ని సాకు పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

ఆదివారం వీధి ఈ కొస నుంచి ఆ కొసకి ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. చివరికి అన్నగారింటికి పోయాడు. వదిన చొక్కాకి గుండీ కుడుతోంది. నిలబడే అంతా చెప్పాడు.

"ఎవరైనా అడిగారా నిన్ను?"

"అడగలేదు. అడిగితే బాగుండేది, చెప్పేసి ఊరుకునేవాణ్ణి."

"లెక్క రాకపోయినా బాగుండేదంటావా?"

అతను కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. "ప్యాకింగు గదికి కిటికీ లేదు వదినా."

"తెలుసు." ఆవిడ దారం కొరికింది. "పిల్లవాడి మొహం చూసి తప్పుకి మార్కేస్తే, మర్నాడు వాడి మొహం నేను చూడలేను. నాకు తెలిసింది అంతే. ఆ పుస్తకంలో రాయాల్సింది నువ్వు కాదుగా?"

"కాదు. పోస్టమ్మ గారు రాయాలి. నేను రాస్తే చెల్లదు."

"అయితే నా చుట్టూ తిరిగితే ఏం లాభం? ముందు కూర్చుని రెండు ముద్దలు తిను. పొద్దుటి నుంచీ ఏం తినలేదని నీ మొహమే చెబుతోంది."

సోమవారం ఎనిమిదింటికే అతను పోస్టమ్మ తిరిగే మొదటి వీధిలో ఉన్నాడు. ఆవిడ గేటు అవతలే నిలబడి, ఇంటి నంబరు చదువుకుని, ఉత్తరం పెట్టెలో వేసి ఇటు తిరిగింది. మైనస్ ఒకటి అద్దాలు ఎండకి మెరిశాయి.

"ఏం అన్నయ్యా ఇక్కడ? జోడు బ్రహ్మాండంగా ఉంది. ఒక్క మెట్టు ఎక్కడం లేదు."

సంచీ తాను అందుకుని భుజాన వేసుకుని ఆవిడ పక్కనే నడుస్తూ చెప్పాడు. బల్ల తిరగడం, చెయ్యి ఎడమకి పోవడం, చువ్వ నిలబడటం, పదిహేడో లెక్క. ఆవిడకి లెక్క సగమే అర్థమైంది, అతను ఎందుకొచ్చాడో మాత్రం పూర్తిగా అర్థమైంది. నడక ఆపేసింది.

"నేను రాస్తే మీ చోటు పోతుందా?"

"పోతుందమ్మా."

"మరి నేనెందుకు రాస్తాను? నాకేం కన్ను పోయిందా, కాలు పోయిందా? నాలుగు రోజులు మెట్లెక్కాను, అంతేగా. ఊరుకోండి, మీకు పుణ్యముంటుంది."

"నాలుగు రోజులు కాదమ్మా, రోజుకి నూట ఇరవై ఇళ్ళు." అతను సంచీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "ఒక్క ఉపకారం చేసిపెట్టండి. పది గంటలకి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెడతారు. ఆలోపల మిగిలిన ఇళ్ళు ఇద్దరం కలిసి పంచేద్దాం, నేను ఎడమ వరస, మీరు కుడి వరస. అయ్యాక ఆసుపత్రి దాకా నాతో రండి, పుస్తకం నేనే తీసి ఇస్తాను. మీ చేత్తో రాయండి. ఒకటి అని కాదమ్మా, రెండు అని రాయండి."