రోజుకు నాలుగు సెకన్లు

దయ్యాలు, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయే రకం నేను. మార్కాపురం పాత బస్టాండు దగ్గర ముప్పై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్నాను. వాచీ ఆగిందంటే లోపల ఏదో విరిగి ఉంటుంది, లేకపోతే మురికి పట్టి ఉంటుంది. మా ఊళ్లో ఎక్కువగా మురికే. చెమట, చర్మం పొట్టు, తలనూనె, వాటి మీద పలకల గనుల దుమ్ము, అన్నీ కలిసి వెనక మూత అంచున జిగురుగా పేరుకుంటాయి. దాన్ని గీకినప్పుడు వచ్చే వాసనకు ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకుంటాను. అయితే ఇంకొకరి మురికిని చూసి ముక్కు మూసుకునే అర్హత నాకు లేదు. ఎందుకో చెబుతాను.

దొనకొండ నుంచి చెన్నయ్య అనే పెద్దాయన నా దగ్గరికి వచ్చేవారు. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనది రోజూ కీ ఇచ్చే పాతకాలం వాచీ. ఏడాదికోసారి రైలెక్కి వచ్చి శుభ్రం చేయించుకుని వెళ్లేవారు.

కీ వాచీ ఏదీ ఖచ్చితంగా నడవదు. రోజుకు పది, ఇరవై సెకన్లు అటో ఇటో పోతుంది. బల్ల మీద పెడితే ఒక లెక్క, చేతికి ఉంటే ఇంకో లెక్క. ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. చెన్నయ్యగారి వాచీ మాత్రం ఎట్లా పెట్టినా, ఏ కాలమైనా, రోజుకు నాలుగు సెకన్లు ముందు. పొద్దున రేడియో వార్తల టైముకు సరిచూసుకుని, ఎన్ని సెకన్ల తేడా ఉందో చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. అంత బాగా నడిచే వాచీని నేను మళ్లీ చూడలేదు.

నాకూ అట్లాంటి అలవాటే ఉంది. బాగుచేసిన వాచీని రెండు మూడు రోజులు నా చేతికే పెట్టుకుని, రోజుకెంత తేడా వస్తోందో తేదీ వేసి రాస్తాను. మా నాయన నేర్పిన పద్ధతి. ఆ పుస్తకాలన్నీ నా బల్ల సొరుగులో ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

గిద్దలూరులో మా బావ ఉన్నాడు, నా భార్యకు అన్న. ఎరువుల దుకాణం. వాళ్ల నాయన పెట్టుకున్న వాచీ ఆయన దగ్గర ఉంది, అచ్చం చెన్నయ్యగారి మోడలే. అది రోజుకు రెండు నిమిషాలు వెనకబడేది. లోపల అటూ ఇటూ ఊగే చిన్న చక్రం, దానికి ఉండే వెంట్రుకంత సన్నని స్ప్రింగు పాడైపోయాయి. అవి ఇప్పుడు ఎక్కడా దొరకవు. ఏ పెళ్లికి పోయినా బావ పదిమందిలో ఆ వాచీ ఉన్న చేయి నా ముందుకు చాపేవాడు.

“ఏంది బావా, ఊరందరి టైమూ సరిచేస్తావు. ఇంట్లోవాళ్ల టైము నీ చేత కాదా?”

అందరూ నవ్వేవారు. నా భార్య కూడా నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది.

రెండేళ్ల కింద రెండు వాచీలూ ఒకే వారంలో నా బల్ల మీదికి వచ్చాయి. చెన్నయ్యగారి చక్రం తీసి బావ వాచీలో వేశాను. బావ పాత చక్రాన్ని ఆయన వాచీలో పెట్టి మూత బిగించాను. పైకి ఏమీ తెలియదు. ముసలాయన, ఇంటిపట్టున ఉండేవాడు, ఆయనకు టైముతో పనేముంది అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.

బావ వాచీ రోజుకు నాలుగు సెకన్లు ముందు నడవడం మొదలుపెట్టింది. ఆయన నన్ను పొగిడాడు. ఆ పొగడ్తను సిగ్గు లేకుండా తీసుకున్నాను.

పది రోజులకు చెన్నయ్యగారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. నా మీద ఆయనకు రవ్వంత అనుమానం కూడా లేదు. “వాచీ నాదే నాయనా. లోపల కొట్టుకునేది మాత్రం నాది కాదు. ఒకసారి చూడు,” అన్నారు. నేను మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని, చూసినట్టు నటించి, “అంతా బాగుంది పెదనాయనా,” అన్నాను.

కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. “ఇంట్లో కూడా పొద్దస్తమానం ఇదే మాటన్నా. నిజంగా వాచీలో ఏమన్నా ఉందా, లేకుంటే ఆయనకే ఏమన్నా అయిందా?”

“ఈ వయసులో మామూలే తమ్ముడూ. మతి అటూ ఇటూ అవుతది,” అన్నాను.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంట్లోవాళ్లు ఆయన్ను బయటికి పోనివ్వడం మానేశారు. ఆయనకు రోజూ రైలు టైముకు స్టేషను దాకా నడిచి వెళ్లే అలవాటు ఉండేదట. దారి తప్పుతాడని వాకిలికి తాళం వేశారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఏడాది తిరక్కుండానే ఆయన పోయారు. కబురు విని కూడా నేను వెళ్లలేదు.

కర్మలు అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆయన భార్య నా దుకాణానికి వచ్చింది. కొంగులోంచి వాచీ, నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది.

“పొద్దున్నే ఇది చెవికి ఆనించుకుని కండ్లు మూసుకునేవాడు నాయనా. ముల్లు దిక్కు చూసేవాడే కాదు. ఏందో రాసుకునేవాడు. మతి పోయిందనుకున్నాము. ఆయన రాసిందేందో నువ్వన్నా చదివి చెప్పు,” అంది.

ఆమె వెళ్లాక నోటుబుక్కు తెరిచాను. ఆయన చేతికున్న వాచీ రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతున్న ఆ రోజుల్లో, ఆయన వరసగా రాసుకున్నది 4, 4, 4, 4. పాపం, పాత లెక్కే రాసుకుంటూ పోయారనుకున్నాను. పేజీలు తిప్పుతుంటే ఒకచోట 38 ఉంది. ఆ తర్వాత మూడు రోజులు “ఆగింది” అని ఉంది. మళ్లీ 4.

ఆ అంకె నేనూ ఎప్పుడో రాసినట్టు గుర్తు. సొరుగులోంచి నా పుస్తకం తీశాను.

వినాయక చవితి పందిట్లో బావ తన వాచీని సౌండ్ బాక్సు మీద పెట్టి మరిచిపోయాడు. బాక్సులో ఉండే అయస్కాంతం గుణం వాచీకి పట్టింది. అట్లా అయితే వాచీ ముందుకు ఉరుకుతుంది. నా దగ్గరికి తెస్తే మొదటి రోజు నేను రాసుకున్నది 38. మరునాడు నాకు జ్వరం. మూడు రోజులు దుకాణం తీయలేదు, కీ ఇచ్చేవాళ్లు లేక వాచీ సొరుగులో ఆగిపోయింది. లేచాక వాచీకి పట్టిన ఆ అయస్కాంతం గుణం పోగొట్టాను. తేడా మళ్లీ 4. రెండు పుస్తకాల్లోనూ తేదీలు ఒకటే. వేసవిలో బావ అద్దం మార్పించుకున్నప్పుడు రెండు రోజులు పెట్టుకుని 6, 5 అని రాశాను. చెన్నయ్యగారి పుస్తకంలో కూడా ఆ రెండు రోజులకు 6, 5.

చక్రం తన నడకను తనతో తీసుకుపోతుంది, అందులో వింత లేదు. కానీ చెన్నయ్యగారికి మా బావ ఎవరో తెలియదు. గిద్దలూరులో ఆయనకు ఎవరూ లేరు. నా పుస్తకం నా సొరుగు దాటలేదు. ఆయనేమో దొనకొండలో, తాళం వేసిన వాకిలి వెనక.

బావ దగ్గర ఏదో సాకు చెప్పి వాచీ తెప్పించుకుని, ఎవరి చక్రం వాళ్లదాంట్లో వేశాను. మరుసటి రోజు రైల్లో దొనకొండ వెళ్లాను. చెన్నయ్యగారి భార్య, ఆ పెద్దమ్మ, అరుగు మీద చాప వేసి, స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

“ఆయన మతి సరిగ్గానే ఉండింది పెద్దమ్మా. లోపలిది మార్చింది నేను. మీ కొడుకుతో అబద్ధం చెప్పిందీ నేనే,” అన్నాను.

వాచీ ఆమె చేతికిచ్చాను. వాచీని చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

“తాళం వేసింది నేను గదా,” అంది చివరికి. “తియ్యమని ఎంత బతిమాలినాడో.”

లేచి, నేనింకా ముట్టుకోని ఆ గ్లాసు తీసుకుని, నీళ్లు వాకిట్లో పారబోసి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. నేను చెప్పులు వేసుకుని స్టేషనుకు నడిచాను. ఆయన రోజూ నడిచిన దారి అదే అయి ఉంటుంది.

బావ వాచీ మళ్లీ రెండు నిమిషాలు వెనక. మొన్న బాగుచేయమని ఇచ్చి వెళ్లాడు. దుకాణంలో ఎవరూ లేనప్పుడు దాన్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాను. కుంటుకుంటూ నడుస్తున్న ఆ పాడు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. దాదాపు ఏడాది పాటు రోజూ పొద్దున ఆయన విన్నది ఇదే చప్పుడు. ఇందులో ఆయనకు తన చక్రం ఎట్లా వినపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.