మామ్మగారి టెస్ట్ డ్రైవ్

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పట్టా ఇంకా నలగని రోజుల్లో, మనిషి సుఖాన్ని మిల్లీమీటర్లలో కొలవొచ్చని నాకు గట్టి నమ్మకం. గుడివాడలో ఒక కార్ల షోరూములో సేల్స్ ఉద్యోగం. (దానికి కావలసిన అర్హతల్లో నాకున్నది ఇస్త్రీ చొక్కా ఒక్కటే.) సెడాన్‌లో కాళ్లు చాపుకోవడానికి ఎంత చోటుంది, పెద్ద ఎస్‌యూవీలో తలకీ కప్పుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది, అన్నీ కంఠతా వచ్చు. ఎవరైనా అడిగితే అప్పజెబుదామని ఎదురుచూసేవాణ్ణి. వచ్చినవాళ్లంతా మైలేజీ ఎంతని అడిగి వెళ్లిపోయేవారు.

అలాంటి సమయంలో పామిడిముక్కల నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి, "రెండు బళ్లూ ఇంటికి పట్టుకురా బాబూ, మా అమ్మ దేంట్లో సుఖంగా ఉందంటే అదే తీసుకుంటాం" అన్నారు. ఆ అమ్మగారికి, అంటే మామ్మగారికి, మోకాళ్లు మొరాయించాయి. బస్సు మెట్టు ఎక్కలేరు, ఆటో కుదుపు ఓర్చుకోలేరు. అవనిగడ్డ అవతల ఒక పల్లెలో, జబ్బు పడి లేచిన చెల్లెలుంది. ఆవిణ్ణి చూసి చాలా కాలమైందని, ఆ చూపు కోసమే ఈ కారని మాస్టారు చెబుతుంటే, నేను డిక్కీ ఎంత పెద్దదో వివరిస్తున్నాను.

నేను సెడాన్‌లో, మా షోరూము డ్రైవరు బావ (చుట్టరికం లేదు, అందరికీ బావే) ఎస్‌యూవీలో వెళ్లేసరికి మామ్మగారు తెల్లచీర కట్టుకుని వరండాలో సిద్ధంగా ఉన్నారు. పక్కనే టిఫిన్ క్యారేజీ, గోంగూర పచ్చడి జాడీ, అరటిపళ్లు. టెస్ట్ డ్రైవంటే ఊరి చివరిదాకా వెళ్లి రావడమేనని మర్యాదగా మనవి చేసుకున్నాను.

"ఊరి చివర సమాధులు తప్ప ఏమున్నాయి బాబూ? అక్కడికి నాకంత తొందరేం లేదు. మా చెల్లి దగ్గరికి పెద్దదాంట్లో వెళ్తాను, చిన్నదాంట్లో వస్తాను. అప్పుడు కదా ఏది బాగుందో తెలిసేది!"

మాస్టారు అప్పటికే తల వంచి ప్రార్థన మొదలుపెట్టారు. ప్రయాణం కోసం, బళ్ల కోసం, చివరికి నా భవిష్యత్తు కోసం కూడా. ఆమెన్ అన్న తర్వాత కాదనడం ఎలాగో మా ట్రైనింగులో చెప్పలేదు.

ఎస్‌యూవీ ఎక్కడానికి వంటింట్లోంచి పీట తెచ్చారు. చాలక దాని మీద ఇంకో పీట వేశారు. "తాటిచెట్టు ఎక్కినట్టుందిరా అబ్బాయ్" అన్నారు గానీ, ఎక్కాక ఆ ఎత్తు నుంచి దారి పొడుగునా చేలన్నీ చూసి మురిసిపోయారట. (బావ చెప్పాడు. మాస్టారు అతని పక్క సీట్లో ఉన్నారు. నేను వెనకాల సెడాన్‌లో, పచ్చడి జాడీకి సీటు బెల్టు పెట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతున్నాను.) పులిగడ్డ వంతెన ముందు ఆగితే మేనేజరు ఫోన్.

"ఎక్కడున్నావ్?"

"కస్టమర్ కంఫర్ట్ చూస్తున్నారు సార్."

"ఇంకా ఎంతసేపయ్యా?"

"కృష్ణ దాటబోతున్నాం సార్."

ఆయన ఫోన్ పెట్టేశారు.

చెల్లెలుగారు కర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చారు. అక్కగారు దిగాలంటే పీటలు కావాలి, అవేమో పామిడిముక్కల్లోనే ఉండిపోయాయి. "నువ్వు దిగకక్కా, నేనే వస్తా" అని ఆవిడ పట్టుబడితే, నేనూ బావా దాదాపు ఎత్తుకుని ఎక్కించాం. ఆ బండిలో మధ్య వరస సీట్లు దేనికది విడిగా ఉంటాయి, నడుమ దారి. రాజాగారి కుర్చీల్లాంటివండీ అని చెప్పబోతున్నాను. అక్క చెయ్యి చాపింది. చెల్లెలూ చాపింది. వేళ్ల కొసలు తగిలాయంతే.

మామ్మగారు నావైపు తిరిగారు. "పెద్దదే బాబూ, కాదన్ను. మధ్యలో ఈ కాలవెందుకు తవ్వారు?"

ఇద్దర్నీ ఒక్కొక్కరుగా దింపి సెడాన్ వెనక సీట్లో కూర్చోబెట్టాం. భుజాలు ఆనుకున్నాయి.

"ఎంత చిక్కిపోయావే!"

"నువ్వు చిక్కలేదుగా, సీటంతా నువ్వే ఉన్నావు. కాస్త జరుగక్కా."

"జరగను. ఇలాగే కూర్చో."

క్యారేజీ కూడా అక్కడే విప్పారు. సీట్ల ప్లాస్టిక్ కవర్లు తియ్యనందుకు దేవుడికి నా వంతు ప్రార్థన నేను చేసుకున్నాను. సాయంత్రం బయల్దేరేటప్పుడు చెల్లెలుగారు దిగనే లేదు, "కొన్నాళ్లుండి వస్తాన్లే" అని ఇంట్లోవాళ్లకి కిటికీలోంచే చెప్పేశారు.

సెడానే ఖాయం చేసుకుని, తిరుగుదారిలో దాన్ని మాస్టారే నడిపారు. నేను ఏడుగురు పట్టే బండిలో, వెనక ఒక్కణ్ణే, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను. ముందు పోతున్న కారు అద్దంలో రెండు తెల్లటి తలలు ఒకదానికొకటి ఆనుకుని కనబడుతున్నాయి. అంత చోటుతో ఏం చెయ్యాలో తెలియక తెల్లమొహం వేసిన ఆ కుర్రాడంటే నాకిప్పటికీ ముద్దే. చల్లపల్లిలో టీకి ఆగినప్పుడు ముందుకొచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాను.

"ఏం బావా, వెనక బాలేదా?"

"చాలా బాగుంది బావా" అన్నాను.