చీమలంటే వాన

మా ఇంట్లోకి చీమలు రెండు రకాలుగా వస్తాయి. ఎండ ముదిరితే నీళ్ళ బిందె చుట్టూ చేరతాయి. వాన వచ్చే ముందు గుడ్లు నోట కరుచుకుని గోడెక్కుతాయి. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ ఉదయం అవి నా పుస్తకాల అలమర వైపు బారు కట్టాయి. ఇంటి ముందు కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

"అమ్మా, చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి," అన్నాను. నా మాట ఎప్పుడూ పక్కగదికి సగమే చేరుతుంది.

"మందు చల్లు," అంది అమ్మ.

చల్లాను. పుస్తకాలు దక్కాయి.

మధ్యాహ్నం వాన పడింది. ప్లాస్టిక్ పట్టాలు కప్పేలోపే ఒక పక్క కాయలన్నీ తడిశాయి. రంగు పోయి తాలయితే వాటిని అడిగేవాళ్ళుండరు. ఎదురింటి పిన్ని తడిసిన చీరతోనే మాతో పాటు కాయలెత్తుతూ, "ఒక్కళ్ళకన్నా తెలియలా?" అంది.

"మా అమ్మాయి పొద్దున్నే చెప్పింది. నేనే వినిపించుకోలా," అంది అమ్మ.

అందరూ నా వైపు మెప్పుగా చూశారు. నేను చెప్పింది కాయల కోసం కాదు, పుస్తకాల కోసం. తల వంచుకుని తడికాయలు ఏరాను.

"ఈసారి గట్టిగా అరువమ్మా," అంది పిన్ని.

అరిచాను. కాయలు మళ్ళీ ఎండకు పోసిన తర్వాత ఒకరోజు, టీ పెడదామని పంచదార డబ్బా మూత తీస్తే లోపలంతా నల్లగా కదులుతోంది. "అమ్మా! చీమలు!"

నాకంత గొంతుందని నాకే తెలియదు. బయట అమ్మ చీపురు పడేసి పరుగెత్తింది. నాన్న పట్టా లాగాడు. పిన్ని కొంగు దోపుకుని రోడ్డు దాటి వచ్చింది. కాయలన్నీ కప్పేశాక ముగ్గురూ తలెత్తి చూశారు. మబ్బు తునక లేదు.

"గోడెక్కాయా?" అన్నాడు నాన్న.

"పంచదారలో," అన్నాను, మళ్ళీ నా పాత గొంతుతో.

"ఏందీ?"

"పంచదార డబ్బాలో."

పిన్ని అక్కడే కూలబడి నవ్వింది. "ఓసి నీ దుంపతెగ! చీమలు తింటే కళ్ళు బాగుంటాయంటారు. ఆ కళ్ళద్దాలు తీసేసి నాలుగు తినవే, మబ్బుందో లేదో కనపడుద్ది!"

నాన్న కూడా నవ్వాడు. అమ్మ మాత్రం కప్పిన పట్టాను మళ్ళీ తీయడం మొదలుపెట్టింది.

డబ్బా ఎండలో పెడితే చీమలు వాటంతటవే పోతాయి. మా ఇంటికి ఎండ తగిలేది కల్లంలోనే. డబ్బాను గుండెలకు ఆనించుకుని, వాళ్ళ మధ్య నుంచే నడిచి వెళ్ళాను.