మోపెడ్ ఎక్కిన మూడో సీడీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. హిందూపురంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు ముగించి, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని (కోర్సు కన్నా దానిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాను), ధర్మవరంలో మా మేనమామ నడిపే పట్టుచీరల డిజైన్ సెంటర్లో చేరాను. రోజూ పాసింజరు రైల్లో వెళ్ళిరావడం. పెనుకొండలో సీటు దొరికితే కూర్చుని, పక్కవాళ్ళు అడగకపోయినా ‘నేను కంప్యూటర్ లైన్లో ఉన్నాను’ అని చెప్పేవాణ్ణి. చీర కొంగు, అంచుల బొమ్మలు కంప్యూటర్లో గీసి, వాటి ప్రకారం మగ్గానికి కట్టే అట్టలకు చిల్లులు కొట్టివ్వడం మా పని.

ఉన్న ఒక్క కంప్యూటరు చక్కగా పనిచేస్తోంది. అదే నాకు నచ్చలేదు. స్నేహితుణ్ణి బతిమాలి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సీడీలు మూడు సంపాదించి, ఒక బుధవారం పొద్దున అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. మొదటి సీడీ అయింది, రెండోదీ అయింది. మూడోది పెట్టమంది. కవర్లో మూడోది లేదు. టేబుల్ కిందా బీరువా వెనకా వెతికి, రైల్లో పోగొట్టుకున్నానని తల పట్టుకుని కూర్చున్నాను. అంతలో మామ మోపెడ్ వాకిట్లో ఆగింది. వెనక నంబరు ప్లేటు పక్కన, నట్టు బిగించి మరీ, ధగధగా మెరుస్తోంది నా మూడో సీడీ.

“మామా, అదేంది?”

“నిన్న పెట్టినాలేరా. లైటు పడితే బలే మెరుస్తాండాది. ప్లేయర్లో ఏసి చూస్తే పాటల్లేవు, ఏమీ ల్యా. ఇంగా రెండు ఉండాయి గదా నీకి, చాలవా?”

నట్టు గీతలు పడ్డ ఆ సీడీని కంప్యూటరు ముట్టనైనా లేదు. ఇక చూడాలి నా తంటాలు! సిస్టమ్ సగం కొత్తది, సగం పాతది. ప్రోగ్రాములు నడవడానికి కావలసిన చిన్న చిన్న ముక్కల్ని ప్యాకేజీలంటారు. అవి పాతవి కుప్పలుగా మిగిలిపోయాయి. పాతవన్నీ చెత్తేనని తీర్మానించి వరసబెట్టి పీకిపారేశాను. ఆ తర్వాత డిజైన్ ప్రోగ్రాం తెరవబోతే అది తెరుచుకోలేదు. హిందూపురం పెళ్ళివాళ్ళ ముహూర్తం చీర డిజైనంతా అందులోనే ఉంది.

ఆ చీర నేయాల్సిన మగ్గం అతుకుల అవ్వ కొడుకుది. (మగ్గం మీద పాత పడుగు అయిపోగానే, మిగిలిన పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. వేళ్ళకు బూడిద రాసుకుని చేసే ఆ పనిలో ఆమెకు సాటిలేదు, అందుకే ఆ పేరు.) మధ్యాహ్నం ఆ బూడిద వేళ్ళతోనే వచ్చింది.

“ఏమబ్బా, అట్టలు యాడ? నేను అతికి రెండు దినాలాయ. మావోడు మగ్గం కాడ ఊరికే కూర్చోనుండాడు. పెండ్లికి చీర అందకపోతే మళ్ళ మాకు పని ఎవురిస్తారు?”

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ వేళ్ళు చూశాక నిజమే చెప్పేశాను, పాతవి తీసేశాను, కొత్తవి పూర్తిగా రాలేదని.

అవ్వ నావైపు జాలిగా చూసింది. “పాత పోగులు తెంపేసినావా? అవి మగ్గంలో దూరి ఉంటాయి గదా నాయనా! వాటికి కడితేనే వాటెంబడి కొత్తవి లోపలికి పోయేది. ముందు పాతవి యాడివి ఆడ పెట్టు. మళ్ళ ఒగొగటే అతుకు.”

సొరుగులోంచి పాత సిస్టమ్‌తో వచ్చిన సీడీలు తీసి, పీకేసినవన్నీ మళ్ళీ ఎక్కించాను. ఏ ప్యాకేజీకి ఏది తోడు కావాలో నోటుపుస్తకంలో రాసుకుని, కొత్తది ఉన్నచోట కొత్తది కలిపి, లేనిచోట పాతదాన్నే ఉండనిచ్చాను. అవ్వ స్టూలు మీద కూర్చుని వక్కాకు నములుతూ చూసింది, ఒక్కసారి కూడా ‘అయిందా’ అనలేదు. (అని ఉంటేనే బాగుండేది.) మామ మాత్రం, సీడీని మళ్ళీ మోపెడ్‌కు బిగించుకోవచ్చా అని రెండుసార్లు అడిగాడు.

సాయంత్రం రైలు వేళకు ప్రోగ్రాం తెరుచుకుంది. కొంగు మీది నెమళ్ళు తెరమీద కనపడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. అవ్వ లేచి వచ్చి, పడుగును తడిమినట్టే తెరను వేలితో తడిమి చూసింది.

“ముడి తగల్యా. బాగానే అతికినావు,” అంది.

చీర పెళ్ళికి అందింది. ఆ కంప్యూటరు మాత్రం మూలపడేదాకా సగం పాతదిగానే నడిచింది (మామ అందరికీ కొత్తదనే చెప్పుకున్నాడు). ఇప్పటికీ ఏ యంత్రమైనా ‘పాతవి తొలగించమంటారా?’ అని అడిగితే నా వేలు ఆగిపోతుంది. అన్నీ తెలిసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ ఎక్కడ పోయిందో తెలియదు గానీ, తెరమీద అవ్వ వేలి బూడిద మరకను వారం రోజులపాటు తుడవలేదని మాత్రం బాగా గుర్తుంది.