మిల్లు ఇంటర్వ్యూకి కంఠతా పట్టిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో కోయంబత్తూరులో మిల్లు సైరను మోగితేనే తెల్లవారినట్టు లెక్క, మిల్లు ఆఫీసులో కుర్చీ దొరికితేనే జన్మ గట్టెక్కినట్టు లెక్క. మా వీధిలో అందరూ చీపుళ్ళు పట్టుకుని ఊరు ఊడవటానికి పోయేవాళ్ళే. అలాంటిది నాకు మిల్లులో గుమాస్తా ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. నాకొక్కడికైనా చీపురు తప్పుతుందేమోనని అమ్మ ఆశ. మిషన్ బడిలో నాకు పాఠాలు చెప్పిన మాస్టారు (నశ్యం సారంటే మా వీధంతా ఎరుగును) దొరల మెప్పు పొందాలంటే ఇంగ్లీషు వస్తే చాలదు, అందులోని జాతీయాలు రావాలన్నాడు. ఇక చూసుకోండి నా వాలకం. ఒంట్లో నలతగా ఉంటే ‘అండర్ ద వెదర్’ అన్నాను. సులువైన పనల్లా ‘పీస్ ఆఫ్ కేక్’ అయిపోయింది (క్రిస్మస్‌కి తప్ప కేకు ముఖం చూసిన పాపాన పోలేదు). ఇంట్లో కూర ఎప్పుడో గాని ఉడకదు కనక, దాన్ని ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటారని అమ్మకి విడమరిచి చెప్పాను.

ఆమె గంజి వంచుతూ, “నిలా నీలంగా ఎప్పుడురా వస్తది? మిల్లులో వేలై దొరికితే చాలు, ఏమన్నా చెప్పుకో,” అంది. (మా ఇంటి తెలుగులో చందమామ ‘నిలా’, ఉద్యోగం ‘వేలై’.)

ఇంటర్వ్యూలో దంచేశాను. కొత్తవాళ్ళ మధ్య బెరుకు పోగొట్టడాన్ని ‘బ్రేకింగ్ ద ఐస్’ అంటారని నేను వివరిస్తే, యజమాని బల్ల చరిచి మరీ నవ్వాడు. ఆ నవ్వులోనే మేనేజరు వైపు తిరిగి, కుర్రాడు గట్టివాడేనని తెలుగులో అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వీధి దాటితే తమిళమే తప్ప వినపడని ఊళ్ళో, మిల్లు యజమాని మనవాడే! ఇక ఆగలేకపోయాను.

“మేమూ తెలుగోళ్ళేనుంగయ్యా. మా అమ్మోళ్ళది అవినాశి పక్కం,” అన్నాను.

పొలాలున్నవాళ్ళ తెలుగు వేరు, చీపుళ్ళున్నవాళ్ళ తెలుగు వేరని, నోరు విప్పితే చాలు కులం తెలిసిపోతుందని నశ్యం సారు చెప్పలేదు. యజమాని నవ్వు ఆగిపోయింది. ఏ వీధి అని అడిగాడు, చెప్పాను. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయాడు.

“వీ విల్ లెట్ యూ నో.”

దాని అసలు అర్థం నేను కంఠతా పట్టినవాటిలో లేదు. నిజంగానే కబురు పెడతారనుకుని, పోస్టుమాను సైకిలు బెల్లు మోగినప్పుడల్లా వీధి మొగకి పరిగెత్తేవాణ్ణి. తుడియలూరులో పంపులు బిగించే షెడ్డులో పనికి కుదిరాక గాని, రావద్దనడానికి అదొక మర్యాద అని తెలిసిరాలేదు. అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మంట చల్లారలేదు లెండి.

మొన్న ఆర్.ఎస్. పురంలో మందుల షాపు ముందు మనవరాలితో మాట్లాడుతుంటే, జరీపంచె పెద్దమనిషి ఒకాయన ఆగి, ఎంతో ఆప్యాయంగా, మీరు తెలుగువాళ్ళా అని అడిగాడు.

“ఇల్లీంగ, తమిళ్‌దా,” అన్నాను, కాదండీ తమిళమేనని.

అప్పటిదాకా నాతో తెలుగులోనే పోట్లాడుతున్న పిల్ల ఫక్కున నవ్వింది. ఏం చేయను, నేనూ నవ్వేశాను.